తోచినంత ఇచ్చి ఎక్కే దోనె

నవంబర్ 8

తీసుకున్నారు. మా ఆటని తీసుకున్నారు.

నేను పనిచేసే కాలేజీ ల్యాబు మూసి, గూడెం ప్లాట్‌ఫారం మీద ఏలూరు ప్యాసింజర్ కోసం నిలబడి చదివాను ఆ మెయిల్. మూడుసార్లు. పది చిన్న కంప్యూటర్ ఆటలు ఒక మూట కట్టి ఇంటర్నెట్‌లో పెడతారు. కొనేవాళ్ళు తోచినంత ఇచ్చి తీసుకుంటారు. ఇంత ఇవ్వాలని ఎవరూ అడగరు. కాపీ చేసుకోకుండా తాళాలు ఉండవు. ఏ కంప్యూటర్ ఉన్నవాళ్ళయినా ఆడుకోవచ్చు — విండోస్, మాక్, లైనక్స్. ఆ మూటలో పదోది మా ‘లంకదోనె’.

ముగ్గురం చేశాం. కోడ్ కిరణ్‌ది — నా క్లాస్‌మేటు, హైదరాబాద్‌లో ఉంటాడు. బొమ్మలు సత్తిబాబువి. మాటలూ కథా పోట్లాటలూ నావి.

సత్తికే ముందు చెప్పాలనుకున్నాను. వాడు పనిచేసే చేపల చెరువు గట్టు మీద సిగ్నల్ ఉండదు. అరగంటకి దొరికాడు. అంతా విని ఒక్కటే అడిగాడు — “మరి నా లాప్‌టాప్‌లో ఆడుద్దాండీ?”

నవంబర్ 9

ఆ లాప్‌టాప్...

రెండేళ్ళ కిందట వట్లూరు కాలేజీలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కరపత్రాలు పంచుతూ మేం కొందరం ఒక బల్ల వేసుకుని కూర్చుంటే, మేత సంచిలో పెట్టుకుని తెచ్చాడు. ఎవరో వాడి వదిలేస్తే కొన్నాడట. విండోస్‌ని మోయలేదది. ఆన్ చేసి టీ తాగి రావచ్చు. డబ్బు పెట్టి కొనక్కరలేని, పాతవాటిలోనూ నడిచే లైనక్స్ వేసిచ్చాను. “దీనికెంత ఇమ్మంటారండి?” అన్నాడు. “తోచినంత” అన్నాను — చేతిలో ఉన్న కరపత్రంలోని గర్వమంతా గొంతులోకి తెచ్చుకుని.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్‌లో ఒక బొమ్మ వచ్చింది. ఒంటికాలి కొంగ. ఆ మర్నాడు ఇంకోటి. ఎందుకయ్యా రోజూ అంటే, “ఇంకా తీరలేదండి” అంటాడు.

రెండేళ్ళు. ఒక్క పొద్దు తప్పలేదు. ఇవాళ్టిది — గూడబాతులు దిగిన చెట్టు.

నవంబర్ 10

ఆటలో దోనె సత్తి వాళ్ళ నాన్నది. లంకలకి రోడ్లు పడకముందు ఆయన మనుషుల్ని ఈ రేవు నుంచి ఆ రేవుకి దాటించేవాడు. తాటి దుంగ తొలిచిన దోనె, ఒక గెడ. ఎంతివ్వాలని అడిగితే నీళ్ళకేసి చూసేవాడట. తోచింది పెట్టి దిగేవాళ్ళు. తోచనివాళ్ళు ఊరికే దిగేవాళ్ళు.

ఆటలోనూ అంతే. ఒకామె గుప్పెడు తామర గింజలు ఇస్తుంది. ఒకాయన పొడుపుకథ ఇస్తాడు. ఒకడు ఏమీ ఇవ్వడు. వాణ్ణీ దాటించాలి.

నీళ్ళ మీద, చెరువుల మీద, సాఫ్ట్‌వేర్ మీద — దొరికిన కరపత్రమల్లా చదివి, అవన్నీ అందరివీ అని నేను నమ్మిన సంగతి. ఆయన ఏమీ చదవకుండానే బతుకంతా చేశాడు. సత్తి ఇంటర్‌లో ఉండగా పోయాడు.

నవంబర్ 14

కిరణ్ ఫోన్. లైనక్స్‌లో ఆడే కూర్పు సరిగా రావడం లేదు. పాత మెషీన్లలో దోనె రేవు వదలగానే తెర నల్లబడిపోతోంది. గడువు వారం. మూటవాళ్ళు కొత్త మెయిల్ పెట్టారు — ఈసారికి లైనక్స్ లేకపోయినా ఫరవాలేదట.

ఫరవాలేదట!

ప్లాట్‌ఫారం మీద ఎంత గట్టిగా అరిచానో, పల్లీలమ్మే ఆమె బుట్ట దూరం జరుపుకుంది. మాట ఇచ్చి, వెబ్ పేజీ మీద రాసి, ఇప్పుడు కొందరికి తలుపు మూసేస్తారా అన్నాను. కిరణ్ చివరిదాకా విన్నాడు. తర్వాత నింపాదిగా — “లైనక్స్‌లో ఆడేదెవరే? నువ్వూ, నీ సత్తిబాబూ.”

కట్ చేశాను.

నవంబర్ 15

‘నీ సత్తిబాబు’ — ఏలూరు దాకా రైల్లో నా పక్కనే కూర్చుంది ఆ మాట.

నవంబర్ 19

మూటవాళ్ళకి రాసేశాను. మేం తప్పుకుంటున్నాం అని. ముగ్గురి పేర్లూ కింద పెట్టాను. మంచి ఇంగ్లీషు, మంచి కోపం. అందరికీ కాని ఆట ఎవరికీ వద్దు అన్నాను. పొద్దున ఏలూరులో రైలెక్కి మొదలుపెట్టాను, భీమడోలు రాకముందే పంపేశాను.

కిటికీలోంచి కోతలు కనిపిస్తున్నాయి. చాలా ఎత్తులో ఉన్నట్టుంది నాకు.

నవంబర్ 20

మూటవాళ్ళ జవాబు రెండు వాక్యాలు. మర్యాదగా ఉంది. మా చోటు వేరే ఆటకి ఇచ్చారు.

కిరణ్ జవాబు ఒక్క మాట. “మంచిది.”

నవంబర్ 21

సత్తికి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను. నీ కోసం యుద్ధం చేశాను చూడు — ఇంత తెలివితక్కువగా కాదు గానీ, ఇంచుమించు ఇలాగే మొదలుపెట్టాను.

 ఫోన్‌లో, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ చప్పుడు. 

“నన్నొక్క మాట అడగాల్సిందండి.”

నీ లాప్‌టాప్ కోసమే కదా అన్నాను.

“నా దాంట్లో ఆడకపోయినా సర్దుకుపోదామనుకున్నానండి. ఎక్కడెక్కడోళ్ళో మా నాన్న దోనె ఎక్కుతారు కదా అని...”

మళ్ళీ ఏరియేటర్.

“ఉంటానండి. మేతకి టైమైంది.”

నవంబర్ 22

ఏడు. ఏడుంపావు. ఎనిమిది. బొమ్మ లేదు.

నవంబర్ 23

లేదు.

నవంబర్ 26

సత్తికి సారీ అని రాశాను. చెరిపాను. పెద్దగా రాశాను. అందులో మూడు చోట్ల నేనే రైటని ఉంది. అదీ చెరిపాను. చివరికి ‘తప్పు చేశాను’ అని రెండే మాటలు పంపాను. ఒక టిక్కు. సిగ్నల్ లేదో, నన్ను తీసేశాడో.

అమ్మ అడిగింది — ఆ ఫోనెందుకే పొద్దున్నే గుడ్లప్పగించి చూస్తావు? టైము చూస్తున్నానన్నాను. గోడ గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ఇడ్లీలు పెట్టి వెళ్ళిపోయింది.

నవంబర్ 28

సంచిలో ఎప్పుడూ ఉండే కరపత్రం. ఎనిమిది పేజీలు, జెరాక్స్, మడతల దగ్గర చిరుగు. మళ్ళీ మొత్తం చదివాను. వాడేవాళ్ళ హక్కు ఉంది, చేసేవాళ్ళ హక్కు ఉంది, పంచుకునే హక్కు ఉంది. ఒకరి పేరు కింద పెట్టేముందు ఆ మనిషిని అడగమని లేదు. రాయనక్కరలేదనుకుని ఉంటారు. పూళ్ళ దగ్గర కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. చేబ్రోలు దగ్గర మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

డిసెంబర్ 3

మొన్న కాలేజీ స్టోర్‌రూంలో పాతసామాన్ల కింద సత్తి లాప్‌టాప్ లాంటిదే ఒకటి దొరికింది. అంత ముసలిది. ప్రిన్సిపాల్ గారిని అడిగి తీసుకున్నాను. (అడిగాను. నేర్చుకుంటున్నాను.) ఆట వేశాను. దోనె రేవు వదిలింది — తెర నలుపు.

కిరణ్‌కి ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది. ఎత్తాడు. నేనేమీ అనకముందే కోడ్ పంపాడు. ఎక్కడ వెతకాలో కూడా చెప్పాడు. గొంతులో వెటకారం లేదు. అది ఇంకా బాధగా ఉంది.

డిసెంబర్ 6

నీళ్ళు!

తప్పంతా నీళ్ళలో ఉంది. ఎండ పడ్డప్పుడు మెరిసేలా కిరణ్ నీళ్ళని కోడ్‌తో చేశాడు. ఆ మెరుపుని పాత మెషీన్లు గీయలేవు. గీయలేక మొత్తం నల్లగా వదిలేస్తున్నాయి.

మొదట్లో సత్తి నీళ్ళని చేత్తో వేశాడు. నాలుగు బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి తిప్పితే కదిలినట్టుంటుంది. పాతకాలంగా ఉందని కిరణ్ పక్కన పెడితే, అప్పుడు నేనూ ఊరుకున్నాను. సత్తి “మీకెలా బాగుంటే అలాగేనండి” అన్నాడు.

ఆ నాలుగు బొమ్మలూ వెతికి పెట్టాను. వేశాను.

ముసలి మెషీన్‌లో దోనె వెళ్తోంది. సత్తి నీళ్ళ మీద. ఈ నీళ్ళే బాగున్నాయి. ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

డిసెంబర్ 7, ఆదివారం

ఆటని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సత్తి వాళ్ళ ఊరెళ్ళాను. గుడివాకలంక దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. రెండు పక్కలా చెరువులే, కర్రలకి కట్టిన మేత సంచులే. బొమ్మల్లో రోజూ చూసిన ఊరు. దారి ఎవర్నీ అడగక్కరలేకపోయింది.

సత్తి లేడు. వాళ్ళమ్మ ఉంది. వాకిట్లో చేపలు తోముతోంది. చేయి కడుక్కుని వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. “నువ్వేనా రైలమ్మాయివి?”

నేనెప్పుడు మాట్లాడినా వెనక రైలు చప్పుడట. ఇంట్లో నాకు అదే పేరట.

ఆమెని ఏమని పిలవాలో తెలియలేదు. పిన్నిగారూ అంటే సత్తి నాకు అన్నయ్యైపోతాడు. ఇంకో పిలుపు నోటిదాకా వచ్చి ఆగింది. ‘అండీ’తోనే నెట్టుకొచ్చాను.

ఉండి ఊరివైపు ఏదో చెరువులో చేపలు పట్టే పట్టుబడికి వెళ్ళాడట. నాలుగు రోజులో, వారమో. చేపల పని, చెప్పలేం అంది. కొడుకు లేడని భోజనం పెట్టకుండా పంపలేదు. వడ్డిస్తూ అడిగింది —

“మీ ఆట ఎక్కడెక్కడోళ్ళో ఆడతారంట కదమ్మా. మా ఆయన దోనె అంట. ఎప్పుడంట?”

 సత్తి చెప్పలేదు. తప్పుకున్నామని, తప్పించింది నేనని, వాళ్ళమ్మకి చెప్పలేదు.

“త్వరలోనేనండి” అన్నాను. అబద్ధం. నా కరపత్రాలన్నీ సంచిలో ఉండగా, ఆమె చేపల పులుసు తింటూ.

పెరట్లో దోనె చూపించింది. బోర్లించి ఉంది. ఒక చివర చీకిపోయింది. మీద కోడి కూర్చుంది. పెన్‌డ్రైవ్ ఇస్తే పసుపు డబ్బాలో దాచి — “దీనికేమైనా ఇవ్వాలామ్మా?”

ఏమీ వద్దండి అన్నాను. వినలేదు. ఎండు రొయ్యలు పొట్లం కట్టి సంచిలో కుక్కింది. కరపత్రానికి ఆ వాసన ఇంక పోదు.

డిసెంబర్ 12

ఎండు రొయ్యల వాసన. బొమ్మ లేదు.

డిసెంబర్ 17

మూటవాళ్ళ మెయిల్. ఒక ఆట తప్పుకుందట. చోటు ఖాళీ. కావాలంటే మళ్ళీ రండి అంటున్నారు. లైనక్స్ కూర్పు ఉంటే సంతోషమట. కానీ — కిందటి ఉత్తరం ముగ్గురి పేరుతో ఒకరే రాసినట్టు తర్వాత తెలిసింది కాబట్టి, ఈసారి ముగ్గురూ విడివిడిగా సరే అని రాయాలట. ఇరవై నాలుగు సాయంత్రం ఐదింటిలోపు.

కిరణ్ చెప్పి ఉంటాడు. చెప్పనీ. నిజమే కదా.

కిరణ్ రాశాడు. నేను రాశాను.

సత్తికి మెసేజ్ పెట్టాను. ఈసారి వాదన లేదు. “ఆటని మళ్ళీ అడుగుతున్నారు. నీ దాంట్లోనూ ఆడుతుంది, నీ నీళ్ళే పెట్టాను. నువ్వు సరే అంటేనే. వద్దంటే వద్దు. అడుగుతున్నాను.”

ఒక టిక్కు.

డిసెంబర్ 20

రెండు టిక్కులు, నీలంగా. చదివాడు.

నన్ను తీసేయలేదు. అంతే. ఈ రోజుకి అది చాలు అనుకున్నాను — దెందులూరు దాకా చాలింది.

డిసెంబర్ 22

జవాబు లేదు. సత్తి పేరుతో నువ్వే ఒక మెయిల్ తెరిచి రాసేయి, ఎవరికి తెలుస్తుంది అని కిరణ్. తర్వాత వాడే — వద్దులే.

ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా ‘అండి’ వదిలేసి మాట్లాడమని సత్తితో అనలేకపోయాను. లోకమంతటికీ చెప్పగలను ఎవడు ఎలా బతకాలో. ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను.

డిసెంబర్ 23

రేపే. ఏమీ లేదు. ఉండిలో చెరువు పట్టుబడి అయిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి ఉంటాడు. పసుపు డబ్బా తీసి ఉంటుందా ఆవిడ?

డిసెంబర్ 24

ఏడింటికి ఫోన్ మోగింది.

బొమ్మ.

కాగితం మీద పెన్సిల్. మధ్యలో దోనె. గెడ పట్టుకుని ఒక మనిషి. వాళ్ళ నాన్న కాదు, భుజాలు సత్తివి. రేవులో ఒకమ్మాయి నిలబడి ఉంది. భుజానికి సంచి. సంచిలోంచి చిరిగిన కాగితం కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. మూతి ముడుచుకుని ఉంది — అంత ముడుచుకుంటానా నేను?

కింద మాట లేదు. సరే అని లేదు. వద్దని లేదు.

రైలెక్కాక పెద్దది చేసి చూశాను. దోనె వెనకాల నీళ్ళ మీద గీత ఉంటే తెలిసేది, రేవుకి వస్తోందో, వదిలి వెళ్తోందో. నీళ్ళు వేయడంలో సత్తిని మించినవాడు లేడు. ఈ ఒక్కదానికీ గీత వేయలేదు.

భీమడోలు దాటింది. గడువు ఐదింటికి.

‘ఎటు వెళ్తోంది?’ అని రాశాను. పంపాను.

ఒక టిక్కు.