యాదగిరి అన్న కోసిన పైపు

శనివారం, రాత్రి

బైక్ ఇంజన్ హెడ్ ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. వాల్వ్ స్ప్రింగులు ఊడదీయడానికి నిన్న నాంపల్లిలో కొన్న క్లాంప్ దాని పక్కనే మెరుస్తోంది. స్ప్రింగు ఉన్న గుంటలోకి దాని మూతి దిగదు. హెడ్ తెచ్చి కొలుచుకోమని షాపాయన చెబితే అక్కర్లేదన్నది నేనే. మార్చుకుందామని ఇవాళ మళ్లీ వెళ్లాను.

"క్లాంప్‌ది తప్పు లేదు సార్. మధ్యల పైపు ముక్క పెట్టి నొక్కాలె. మీ బండి కొలతకు కోయించుకోండ్రి" అన్నాడు.

అలాంటి పైపు నా దగ్గర ఉండేది. అబిడ్స్ సందులో తన షెడ్డు మూసేసిన రోజు మెకానిక్ యాదగిరి అన్న నా చేతిలో పెట్టాడు. "నీ బండికే కోసిన తమ్మీ, ఇంకెవ్వరికి పనికిరాదు" అన్నాడు. రెండు చేతులతో అందుకున్నాను. దసరాకి ఇల్లు సర్దుతూ పాత ఇనుము కొనేవాడి బండిలో వేశాను. అదేమిటో తెలియక పడేశాననుకుందామా అంటే... తెలుసు. తెలిసే పడేశాను.

సాయంత్రం ఇంకో దారి తోచక ఆయనకే ఫోన్ చేశాను, ఏడాది తర్వాత. ఎంత సంబరపడ్డాడో!

"గింతదానికి ఫికర్ ఎందుకు? రేపు పొద్దుగాల నేనొస్త. నా సామాన్లన్నీ ఇచ్చేసిన గానీ, గా పైపు నీ దగ్గరున్నది గద?"

"ఉందన్నా" అన్నాను.

"మంచిగ దాచినవ్ తమ్మీ" అన్నాడు.