రెండు ఊళ్ల జ్వరం

మునెమ్మవ్వా,

నువ్వు లేవని నిన్ననే తెలిసింది. ఉన్నా నీకు చదువు రాదు, ఈ ఉత్తరం నేనే చదివి వినిపించేదాన్ని.

జెర్సీ ఆవులు మన పల్లెలకు కొత్తగా వచ్చిన రోజులవి. నీ ఆవు పిడుదు జ్వరంతో పడిపోతే, పరిశోధన కోసం దాని రక్తం తీసుకోవడానికి చౌడేపల్లె వచ్చాను. ఆవు తల ఒళ్లో పెట్టుకుని నువ్వు అడిగావు.

"మా సెల్లెలిది కురబలకోట. ఆడా జెర్సీ ఆవులే. ఈ జరమొచ్చినా లేస్తాండాయి. ఈడ యాల సస్తాండాయమ్మా? రెండు జరాలూ వేరేమో సూడు."

"క్రిమి ఒకటే అవ్వా, మైక్రోస్కోపులో చూశాను" అని నవ్వాను. మర్నాడు నా కళ్ల ముందే ఆవు చనిపోయింది.

ఇన్నేళ్లకు ఆ రెండు ఊళ్ల క్రిముల ఎంజైములను జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో పరుగెత్తించి పోల్చి చూశాం. చారలు వేరువేరు చోట్ల ఆగాయి. జాతి ఒకటే, తెగలు రెండు. దూడల్లో పరీక్షిస్తే మీ ఊరి తెగే ప్రాణం తీసేదని తేలింది. నువ్వన్నదే నిజం.

ఆ మాట చెప్పాలని మదనపల్లెలో బస్సెక్కి మీ ఇంటికి వెళ్లాను. నీ కోడలు ఎదురొచ్చింది.

"అత్త పోయి ఏడాదాయమ్మా. నువ్వు వస్తావని సూస్తా ఉండె."

"జ్వరం సంగతి అడగడానికా?"

"కాదు. ఆవు సచ్చిన దినం ఆ పిల్ల ఏడ్సుకుంటా అన్నం తినకుండా పాయె, ఈ తూరి వస్తే తినిపించి పంపించు అనింది."

రాగిసంగటి రెండోసారి అడిగి పెట్టించుకున్నాను అవ్వా. జెల్ సంగతి ఆ తర్వాతే చెప్పాను.