తడిగుడ్డకు అంటిన పచ్చరంగు

దసరా, ప్లేనో

పొద్దున ఆయుధపూజకు కారు తాళాలు, కూరల కత్తి, ఆయన లాప్‌టాప్ వరుసగా పెట్టాను. అప్పుడు అద్దాల పెట్టెలోని కంచు బాకు గుర్తొచ్చింది. మూడు వేల ఏళ్ల నాటి పర్షియా బాకు అని ఆయన అందరికీ చూపిస్తుంటారు. మా ఇంట్లో అసలు ఆయుధం అదే కదా అని, బొట్టు పెట్టే ముందు తడిగుడ్డతో తుడిచాను. పిడి మీది పచ్చటి చిలుమంతా గుడ్డకు వచ్చేసింది. కింద కొత్త చెంబులా మెరిసింది. అమ్మ ఇత్తడి బిందెకు పట్టిన చిలుము చింతపండుతో తోమినా ఇంత తేలిగ్గా పోయేది కాదు.

"ఏమండీ, మిమ్మల్ని ఎవరో మోసం చేశారు" అన్నాను భయపడుతూ.

ఆయన ఉలిక్కిపడలేదు.

"నిన్నెవరు తుడవమన్నారు? ఆదివారం శేషు దాన్ని కొనడానికి వస్తున్నాడు. వాడి ముందు నోరు జారకు."

బాకు గరాజ్‌లోకి తీసుకెళ్లారు. కాసేపటికి పిడి మళ్లీ పచ్చగా తిరిగొచ్చింది. పండగ పూట ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చింది? ముందే కొని ఉంచారా?

నాకు ఓపిగ్గా డ్రైవింగ్ నేర్పింది ఆయన స్నేహితుడు శేషు అన్నయ్యే. సాయంత్రం ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, నా బాకుకి బొట్టు పెట్టావా? జాగ్రత్త, మొగుడి మీద ఎత్తకు!"

"పెట్టాను అన్నయ్యా" అన్నాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు.

గుడ్డ ఉతకలేదు. బియ్యం డబ్బా వెనక దాచాను. ఆదివారం అన్నయ్యకు టీ ఇచ్చే ముందు, టేబుల్ ఆ గుడ్డతోనే తుడిస్తే...