రాజు గొలుసులో కొత్త బిళ్ళ

ఒబెర్‌విన్‌కెల్,
సోమవారం, 14 నవంబరు 1994

చిరకాల మిత్రుడు కొర్బీనియన్‌కు,

అఫ్రా వ్రాయునది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, నువ్వు వదిలేసి వెళ్ళిన పిల్లీ కులాసా. పాసావ్‌లో నువ్వూ మీ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఏడాదిగా ఒక్క ముక్క రాయనిది ఇప్పుడెందుకు రాసిందా అని నువ్వు ఈ కవరును పొయ్యి దాకా తీసుకెళ్ళి ఉంటావు. పడేయకు. ముందు శుభవార్త చదువు.

శనివారం నాడు తుపాకీ పోటీ గెలిచి మన క్లబ్బుకి ఈ ఏటి రాజునయ్యాను.

నిజమే. వెండి గొలుసు నా మెడలోనే వేశారు. నూట పదేళ్ళుగా గెలిచిన రాజులందరి బిళ్ళలూ వేలాడుతుంటే అది మెడనే కాదు, నడుమునీ వంచేస్తుంది. ఒక ఆడదాని మెడ ఎక్కడం దానికిదే మొదలు. రెండో స్థానం మన ప్రెసిడెంటు లూయిట్‌పోల్డ్‌ది. రెండో బహుమతిగా ఇచ్చే మాంసం సాసేజీల దండ మెడలో వేసుకుని, వంగి గొలుసు సర్దుకుంటున్న నన్ను చూసి, నీది అందం, నాది ఆహారం అన్నాడు. బ్యాండు వాయించడం అయ్యేలోపే దండలో మూడు సాసేజీలు తినేశాడు.

ఇప్పుడు నిరుటి సంగతికి వస్తాను. రాకుండా తప్పదు.

నిరుడు రాజు పోటీలో అందరికీ ఉండేది ఒక్కటే గుండు. నేను తుపాకీ భుజానికి ఆనించి, గుండు వెనక బోల్టు మూసి, ఇంకా గురి కుదరక ముందే, వేలు ట్రిగ్గర్‌కి తగిలీ తగలక ముందే పేలిపోయింది. గుండు పోయి గురి అట్ట కింద చెక్క చట్రంలో దిగింది. హాలంతా నవ్వింది. ముందు రోజే దాన్ని సరిచూసిచ్చినవాడివి నువ్వు. అది అలా పేలాక, హాలు పక్కనే వెచ్చగా ఉన్న నీ పనిగదికి తీసుకెళ్ళి ఇరవై సార్లు ఖాళీగా నొక్కి చూశావు. నాకు ఏ తప్పూ కనబడటం లేదు, విప్పి చూస్తానన్నావు. నేను నీ చేతిలోంచి తుపాకీ లాక్కుని, అందరూ వింటుండగా అన్నాను: "గడియారాలు బాగుచేసుకో కొర్బీనియన్. నీ చేతులు ముసలివైపోయాయి."

నలభై ఏళ్ళు మన ఊరి తుపాకులన్నీ చూసిన చేతులవి. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. మర్నాడు నువ్వు పనిగది తాళంచెవి లూయిట్‌పోల్డ్ ఇంటి గుమ్మానికి తగిలించి బస్సెక్కావు.

ఏడాదంతా నేను తుపాకీ పెట్టె మూత తెరవలేదు. సెప్టెంబరులో లూయిట్‌పోల్డ్ ఎదురుపడి, ఏమే అఫ్రా, ఈసారి నువ్వు వస్తున్నావని చట్రానికి ఇనప రేకు కొట్టించమంటావా అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి పెట్టె తెరిచాను.

ఖాళీ తుపాకీయే. రెండుసార్లు చూసుకున్నాను, నువ్వు నేర్పినట్టే. వంటింట్లో పది సార్లు బోల్టు మూసి, తుపాకీ మడమ మీద అరచేత్తో చరిచాను. ఒక్కసారి కూడా గుండుని పేల్చే పిన్ను దానంతటది పడలేదు. బరువు వేలాడదీసి చూస్తే ట్రిగ్గర్ నూట ఇరవై గ్రాములకే, ఎప్పటిలాగే కదిలింది. అయితే తప్పు నీది కాదు, నా వేలిది అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నది నన్ను చూసే పుట్టిన సామెతేమో అనిపించింది.

లూయిట్‌పోల్డ్ అయితే ఆ స్క్రూ ఒక పావు చుట్టు, ఈ స్క్రూ ఒక అర చుట్టు తిప్పేసి ఉండేవాడు. నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ నీ పనిగది గోడ మీద నువ్వు బొగ్గుతో రాసిన మాట గుర్తొచ్చింది: స్క్రూ తిప్పే ముందు, ఏం మారిందో అడుగు. ఏం మారింది? కుర్చీలో కూర్చుని ఆలోచించాను. మన షూటింగ్ హాల్లో నవంబరు చలి, నా వంటింట్లో పొయ్యి వేడి, నీ పనిగదిలోనూ పొయ్యి వేడి. లేచి తుపాకీని బంగాళాదుంపలు పెట్టుకునే నేలమాళిగలో రెండు గంటలు ఉంచాను. అక్కడే మళ్ళీ పది సార్లు చరిచాను. నాలుగు సార్లు పిన్ను దానంతటదే పడింది.

కొర్బీనియన్, నీకు తప్పు కనబడకపోవడానికి కారణం నీ కళ్ళు కాదు, నీ పొయ్యి.

ట్రిగ్గర్ డబ్బా విప్పాను. పిన్నుని పట్టి ఉంచే ఆ చిన్న కొక్కెం చుట్టూ తేనె రంగులో జిగురు కట్టిన నూనె. వేడిలో జారుతుంది, చలిలో బిగుసుకుంటుంది. అప్పుడు కొక్కెం పూర్తిగా పైకి లేవదు. అంచు మీద, తుమ్మితే ఊడే ముక్కులా నిలబడుతుంది. నువ్వు ఆ కొక్కేన్ని ఎప్పుడూ పొడిగానే ఉంచుతావు, నాకు తెలుసు. ఆ జిగురు చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. తర్వాత పెట్రోలులో కడిగి, పాత చొక్కా గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఇరుసు దగ్గర మాత్రం సూది మొనతో ఒక్క నలుసు నూనె పెట్టాను. ఒక్క స్క్రూ కూడా ముట్టుకోలేదు. మళ్ళీ నేలమాళిగలో వంద సార్లు చరిచాను. ఒక్కసారి కూడా పడలేదు. అరచెయ్యి వాచింది గానీ మనసు కుదుట పడింది.

ఇక శనివారం. హాల్లో ఊపిరి వదిలితే పొగ. మళ్ళీ అదే ఒక్క గుండు. ట్రిగ్గర్ మొదటి మెట్టు దాకా మెత్తగా వచ్చి ఆగింది. అలా ఆగడం ఎంత హాయో నీకు చెప్పనక్కర్లేదు. గురి కుదిరింది. తర్వాత నేను నొక్కినట్టు కూడా తెలియలేదు. అట్ట తెచ్చి భూతద్దం కింద పెట్టారు. ఆ రంధ్రం కన్నా నడిమధ్యకి ఎవరిదీ పోలేదు.

గొలుసు వేశాక నన్ను మాట్లాడమన్నారు. నిరుడు నేనన్న మాట తప్పు, కొర్బీనియన్ చేతుల్లో ఏ లోపమూ లేదు, ఎవరో కొక్కెం మీద నూనె పోశారు అని గట్టిగా చెప్పాను. హాలంతా ఒక్కసారిగా లూయిట్‌పోల్డ్ వైపు తిరిగింది. నీకు తెలుసుగా, బూట్లకీ, తలుపు బందులకీ, కుక్క చెవులకీ, సొంత మోకాలికీ అన్నిటికీ ఒకటే నూనె రాసే మనిషి. వాడు సాసేజీల దండతోనే లేచి టోపీ తీశాడు. "ఈ ఊళ్ళో నూనె మరక ఎక్కడున్నా అది నాదే. ఒప్పుకుంటున్నాను," అన్నాడు. జనం బల్లలు చరిచి నవ్వారు. నీ పేరు మీద మచ్చ పోయింది. నీ గది తాళంచెవి ఇంకా వాడి గుమ్మానికే ఉంది. వచ్చి తీసుకో.

ఇట్లు,
నీ పాత స్నేహితురాలు,
ఈ ఏటి రాజు,
అఫ్రా

తా.క. ఆదివారం, 20 నవంబరు.

పై ఉత్తరం కవరులో పెట్టి అంటించాను. ఆరు రోజులు బల్ల మీదే ఉంది. ఇవాళ చింపి ఇది రాస్తున్నాను.

నూనె పోసింది లూయిట్‌పోల్డ్ కాదు. నేను.

మా నాన్న పోటీ ముందు రోజు తుపాకీలో చిక్కటి నూనె రెండు చుక్కలు వేసేవాడు. ఒకటి తుపాకీకి, ఒకటి గురికాళ్ళని కాపాడే సెయింట్ సెబాస్టియన్‌కి అనేవాడు. నిరుడు నువ్వు సరిచూసి ఇచ్చిన సాయంత్రం నేనూ వేశాను, నువ్వు వద్దని వెయ్యిసార్లు చెప్పినా. ఆ జిగురు చూసిన క్షణమే నాకు గుర్తొచ్చింది. అయినా హాల్లో "ఎవరో" అన్నాను. ఆ పెద్దమనిషి సరదాకి నింద నెత్తినేసుకుంటే నోరు మూసుకుని, నీ మంచి పేరుని దొంగ సొమ్ములా నీకు తిరిగిచ్చాను.

ఇవాళ చర్చి అయ్యాక క్లబ్బులో, అందరి ముందూ నిలబడి చెప్పేశాను. లూయిట్‌పోల్డ్, "అయితే నా సాసేజీలు నేను న్యాయంగానే తిన్నాను," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నిరుటి నవ్వు కాదు, నాకూ నవ్వొచ్చింది.

ప్రతి రాజూ గొలుసుకి ఒక బిళ్ళ చేయించాలి కదా. గద్దలూ, జింకలూ, మేరీమాతలూ చాలా ఉన్నాయి. నేను ఈ వారమే నా బిళ్ళ మీద నూనెడబ్బా చెక్కించాను, దాని ముక్కు నుంచి రెండు చుక్కలు. వెనక్కి తిప్పితే అక్షరాలు: "తప్పు అఫ్రాది. చేతులు కొర్బీనియన్‌వి, ఇంకా పడుచువే." ఇక నూరేళ్ళ పాటు ఏ రాజు మెడలో వేసుకున్నా ఈ మాట గుండెల మీద మోయాల్సిందే.

తాళంచెవి లూయిట్‌పోల్డ్ దగ్గర అడిగి తెచ్చాను. ఈ కవరులోనే ఉంది.