తమ్ముడి మీద సైటేషన్లు

ఫిబ్రవరి 2
ఎలకలాయన పేపర్లని వేరేవాళ్లు ఉదహరించిన సైటేషన్లు 4,100 దాటాయి. నావి 3,860. పళ్లు తోముకోకముందే చూస్తున్నాను రోజూ. డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్ పోస్టు ఒక్కటి, మేం ఇద్దరం. ఆయనది పక్క ల్యాబ్. హాయిగా ఎలకల మీద పని. ఎలకల పెళ్లాలొచ్చి సంతకం పెట్టం అని మొండికెయ్యరు.

ఫిబ్రవరి 5
నా పేపర్లలో నిలబడింది ఒక్కటే. తమ్ముడి మీద రాసింది.
ఆరేళ్ల కిందట జ్వరం వాడి మెదడుకెక్కింది. అప్పట్నుంచీ కొత్తదేదీ పది నిమిషాలకి మించి నిలవదు. రెండేళ్ల తర్వాత అమ్మ పోయింది. అమ్మ ఏది అని అడుగుతాడు. చెప్తే అప్పుడే విన్నట్టు ఏడుస్తాడు. మర్చిపోతాడు. మళ్లీ అడుగుతాడు. దుఃఖం పాతబడని మనిషి ఇంకే సైంటిస్టుకి దొరుకుతాడు? చెప్పి, స్కానర్‌లో పడుకోబెట్టి కొలిచాను. ఎనిమిదిసార్లు. ఆ ఒక్క పేపర్‌కే 1,900 సైటేషన్లు.

ఫిబ్రవరి 11
ఆ ఎనిమిదింటి మీదే రాసిన రెండో పేపర్ వెనక్కొచ్చింది. ఎనిమిది ట్రయల్స్ చాలవన్నాడు రివ్యూయర్. పన్నెండైనా ఉండాలట. ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో.

ఫిబ్రవరి 12
ప్రయోగానికి ఒప్పుకుంటూ ఫారం మీద ఇక సంతకం పెట్టనంది మరదలు. నేను తీసుకెళ్లిన రోజున వాడు రాత్రిదాకా ఏమీ తినడట. ఎందుకో వాడికే తెలియదట. వదినా, మీకు దణ్ణం పెడతాను, వాణ్ణి వదిలెయ్యండి అంది.
వాడే మర్చిపోతుంటే ఈవిడకేం బాధ? కందకి లేని దురద కత్తిపీటకి.

ఫిబ్రవరి 20
ఆవిడ ఆఫీసుకి వెళ్లాక వెళ్లాను. ఫారం మీద తమ్ముడి చేతే సంతకం పెట్టించాను. అక్క అడిగితే కాదనడు, చిన్నప్పుడూ అంతే. ఎందుకు సంతకం అన్నాడు, చెప్పాను. పది నిమిషాల తర్వాత కార్లో, చేతిలో ఉన్న ఫారం కాపీ చూసి మళ్లీ అడిగాడు. ఈసారి చెప్పలేదు.
ట్రయల్ 9. నా భుజం మీద పడి ఏడ్చాడు. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గడియారం మీంచి చూపు మాత్రం తియ్యలేదు. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదంటారు. నేను స్కానర్‌ని నమ్ముతాను.

ఫిబ్రవరి 27
ట్రయల్ 10. శుభ్రమైన డేటా.

మార్చి 6, మధ్యాహ్నం 3
ట్రయల్ 11. ఇది నేను ఊహించనిది. తలుపు తీసి నన్ను చూడగానే వాడి మొహం పాలిపోయింది. నేనింకా నోరు విప్పలేదు. అక్కా, ఎవరు పోయారు అని అడిగాడు. అలా ఎందుకనిపించిందిరా అంటే తెలియదన్నాడు. వాడి అరచేతులు చెమటతో తడిసిపోయాయి.
చావు కబురు మర్చిపోయాడు గానీ తెచ్చే మనిషిని మర్చిపోలేదు. ఇంతవరకూ ఎవరూ చూపించలేదిలా. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆనందం పట్టలేకపోయాను. మూడో పేపర్ దొరికింది. ఎలకలాయన జన్మలో రాయలేడు.
బాధ వెయ్యలేదని కాదు. వాడికి బూట్ల లేసులు కట్టుకోవడం నేర్పింది నేనే. కాసేపు వేసింది, పోయింది.

మార్చి 13
ట్రయల్ 12. నన్ను చూసి బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాడు. నేను బతిమాలలేదు. సోఫాలో కూర్చుని ఈమెయిల్స్ చూసుకున్నాను. పది నిమిషాలకి ఎందుకు దూరాడో మర్చిపోయి వాడే బయటికొచ్చాడు. చెయ్యి పట్టుకుని కారెక్కించాను.
పన్నెండూ పూర్తి.

మార్చి 15
వాడి జేబులో ఫారం కాపీ మరదలికి దొరికింది. ఇంటికెళ్తే తలుపు తియ్యలేదు. తియ్యకపోతే పోనీ. నాకు కావలసింది నా దగ్గరుంది.

ఏప్రిల్ 9
రెండో పేపర్ యాక్సెప్ట్ అయింది. పోస్టు నాకే. ఎలకలాయన షేక్‌హ్యాండ్ ఇచ్చి, మా ఎలకలకి అక్కలుండరు కదండీ, అందుకే వెనకబడ్డాను అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 12
మరదలు ఫోన్ చేసింది. తిట్టలేదు. అక్క చచ్చిపోయిందని వాడికి చెప్పిందట. ఐదుసార్లు చెప్పి చూసిందట. ఒక్కసారీ ఏడవలేదట. ఐదుసార్లూ, ఇక రాదు కదా అని అడిగి, ఆకలేస్తోందన్నాడట.