కుంట గట్టున గరిక

ఏసన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇది నీకు చేరదు. అయినా మన వాదన ఒకటి తేలకుండా ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు.

మా చేనికీ, ఊరవతల మీ పాలెం తాగే కుంటకూ నడుమ గరిక వదిలి దున్నేవాడివి. "చేలో సారం కుంటలో పడకుండా ఇది పట్టుకుంటాదప్పా" అనేవాడివి. అంత నేల దండగని నిన్ను కసిరాను. నువ్వు పోయాక గరిక తవ్వించాను. బద్వేలు నుంచి సూపర్ ఫాస్ఫేటు తెప్పించి, మట్టిలో కలపకుండా పైపైన చల్లించాను. సభల్లో సైన్సు గురించి అరిచేది నేనే! మర్నాడు కుండపోత వాన. ఎరువు కుంటలోకి కొట్టుకుపోయింది. కొన్నాళ్లకే నీళ్లు పచ్చబడి, పాచి పట్టి కంపు కొట్టాయి.

నీ భార్య మరియమ్మ ఖాళీ కడవతో మా వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, ఈ నీళ్లు తాగితే మేము గూడా మీ జొన్న మాదిరి ఏపుగా పెరుగుతామా?"

"తప్పు నాదే, మరియమ్మా."

"అయితే మీ బాయిలో చేదుకోనీ. మీటింగుల్లో అందరం ఒకటేనంటాండావు గదా!"

బావి మైలపడుతుందని మా అన్న కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు. చేదతాడు నేనే ఆమె చేతికిచ్చాను. ఆరోజు నుంచి పాలెమంతా మా బావి నీళ్లే తాగుతోంది. అన్న నాతో మాట్లాడడం లేదు, మానేయనీ.

ఈ పొద్దున కుంట గట్టున గరిక నాటడానికి కూర్చున్నాను. నువ్వు ఎంత వెడల్పు వదిలేవాడివో గుర్తు రాలేదు. అన్నేళ్లు నీతో వాదించాను గానీ, ఒక్కసారైనా కొలిచి చూడలేదు.