వదిలేశాక కొట్టిన దెబ్బ

శుక్రవారం, జిజాన్, సౌదీ

మధ్యాహ్నం ఒక వీధికుక్క మేం పనిచేసే తోటలోకి దూరి మా కాపలాకుక్క రాజు మెడ కరిచి పట్టుకుంది. నేను విడిపించబోతే, నాతో పనిచేసే మల్లేశన్న ఆపాడు.

"చేతులు పెట్టకు. పట్టు ఇడువంగనే ఎనక కాళ్లు గుంజు."

పైపుతో వీధికుక్క మొహం మీద నీళ్లు కొట్టాడు. అది పట్టు వదలగానే చెరొకదాన్ని వెనక్కి లాగాం. రాజు మెడ నిండా రక్తం చూసి, పార తీసి వీధికుక్క కాలి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఇడిశిపెట్టినంక ఎందుకు కొట్టినవ్‌రా?" అన్నాడు మల్లేశన్న. అది కుంటుకుంటూ గేటు బయటికి పోయింది.

రాజు గాయం చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, ఉప్పునీళ్లతో కడిగి, గుడ్డతో అదిమి పట్టాను. రేపు డాక్టరుకు చూపించాలి.

తర్వాత వీధికుక్క కాలు కూడా కడుగుదామని ఉప్పునీళ్లు తీసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. గోడ నీడలో పడుకున్న అది నన్ను చూడగానే కాలు ఈడ్చుకుంటూ ఎండలోకి వెళ్లిపోయింది.